డింగీ డెక్‌కి మళ్లీ పట్టు తేవడం ఎలా: కడగడం నుంచి ఇసుక చల్లడం దాకా

“డెక్ మీద కాలు నిలుస్తలేదు అన్నా, పెయింట్‌లో ఇంత ఇసుక కలిపి కొడితే సరిపోతదా?” జూలైలో హుస్సేన్‌సాగర్‌లో డింగీల (తెరచాపతో నడిచే చిన్న పడవల) రేసులు దగ్గర పడుతుంటే నాకు ప్రతి ఏడాదీ వచ్చే ప్రశ్న ఇది. సరిపోదు. ఇసుక కలపడం ఈ పనిలో చిట్టచివరి గంట. అంతకు ముందు మూడు నాలుగు రోజుల పని ఉంది. పట్టు నిలిచేదీ ఊడేదీ ఆ రోజుల్లోనే తేలిపోతుంది.

మా పడవ నల్లగొండలో ఇంటి వెనక రేకుల షెడ్డు కింద ఉంటుంది. ఇక్కడి ఎండ, ఇక్కడి దుమ్ము, ఇక్కడి బోరు నీళ్లు చూసుకుని చేసిన పద్ధతే రాస్తున్నాను. లేజర్, ఆప్టిమిస్ట్, ఎంటర్‌ప్రైజ్ ఏదైనా ఫైబర్ పడవైతే చాలు, ఇదే వరస పనికొస్తుంది. నాగార్జునసాగర్‌లో తిరిగే ఫైబర్ చేపల పడవలకూ ఇదే వర్తిస్తుంది.

1. డెక్ అరిగిందా, పూడిందా?

పెయింట్ కొనకముందు ఇది తేల్చుకోండి. లేజర్ లాంటి పడవల డెక్ మీద గరుకు అచ్చులోనే వస్తుంది. ఆ సన్నని గింజల మధ్య సందుల్లో సన్‌స్క్రీన్, పాలిష్, చెరువు మట్టి, బోరు నీళ్ల తెల్ల పొర చేరితే డెక్ నున్నగా అయిపోయినట్టే ఉంటుంది. నిజానికి అది అరగలేదు, పూడిపోయింది. నా దగ్గరికి తెచ్చిన పడవల్లో కొన్నింటికి కడగడమే సరిపోయింది.

అరచేయి అంత చోట పరీక్ష చేయండి. గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్లు, గట్టి నైలాన్ బ్రష్‌తో గుండ్రంగా ఐదు నిమిషాలు తోమండి. తెల్ల పొర పోకపోతే వెనిగర్‌లో తడిపిన గుడ్డ పావుగంట పరిచి మళ్లీ తోమండి. కడిగేశాక తడి మీదే బొటనవేలు పెట్టి నెట్టండి.

- వేలు ఆగితే డెక్ అంతా అలాగే కడగండి. ఇక్కడితో పని అయిపోయింది.
- వేలు జారి, గింజలు అరిగి బల్లపరుపుగా కనిపిస్తే రెండో అంకానికి రండి.
- పాత పెయింట్ పొరలు పొరలుగా లేస్తుంటే అదంతా తీసేయాల్సిందే. లేచే పొర మీద కొత్త పొర నిలవదు.

ఇంకో మాట. లేజర్, ఆప్టిమిస్ట్ వన్ డిజైన్ క్లాసులు, అంటే పడవలన్నీ ఒకే తీరుగా ఉండాల్సిన రేసు తరగతులు. డెక్ మీద ఏం పూయొచ్చో, ఏం అతికించొచ్చో ఆ క్లాస్ రూల్స్‌లో ఉంటుంది. రేసులకు తీసుకెళ్లే పడవైతే అది చదివాకే డబ్బా మూత తీయండి. బరువు సంగతి కూడా మరవొద్దు. ఆప్టిమిస్ట్ హల్ (పడవ బాడీ) కనీస బరువు 35 కిలోలు. అంత చిన్న పడవ మీద అనవసరంగా ఎక్కించిన కిలో పిల్లలకు తెలుస్తుంది.

2. ఎప్పుడు మొదలుపెట్టాలి

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య మొదలుపెట్టండి. ఎపాక్సీకీ (హార్డెనర్ అనే ద్రవం కలిపితే గట్టిపడే రెజిన్), పెయింట్ ఒకటి, హార్డెనర్ ఒకటిగా వచ్చే రెండు డబ్బాల పాలీయురేథేన్ పెయింట్‌కీ 20 నుంచి 30 డిగ్రీల వేడి హాయి. నల్లగొండలో మే నెలలో ఎండ 43 దాటుతుంది. పది డిగ్రీలు పెరిగితే, కలిపిన పెయింట్ చేతిలో నిలిచే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. మేలోనే చేయక తప్పదంటే తెల్లారగానే, నీడలో, ఒకసారికి టీ గ్లాసు కంటే ఎక్కువ కలపకుండా చేయండి.

చలికాలంలో చూసుకోవాల్సింది మంచు. పొద్దున్నే డెక్ పొడిగా కనిపించినా కంటికి ఆనని తడి ఉంటుంది. పెయింట్ పని పది గంటలకు మొదలుపెట్టి ఒంటిగంటకు ముగిస్తే సాయంత్రం మంచు పడేలోపు పైపొర గట్టిపడుతుంది. వానాకాలంలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

3. సామాన్లు

- ఎపాక్సీ ప్రైమర్, రెండు డబ్బాల పాలీయురేథేన్ పెయింట్, ఆ కంపెనీదే థిన్నర్
- 80, 120, 220 నంబర్ల సాండ్ పేపర్, గరుకు స్క్రబ్బర్లు, సన్నని ఇత్తడి బ్రష్
- మంచి రకం మాస్కింగ్ టేప్. చౌకది ఎండకు కాలి జిగురంతా డెక్ మీదే వదిలేస్తుంది
- నాలుగంగుళాల రోలర్లు, థిన్నర్‌కు కరగనివి
- ఉతికిన పాత నూలు గుడ్డలు, కనీసం ఇరవై
- స్టీలు గిన్నెలు. మైనం పూత ఉన్న కాగితం కప్పులు వద్దు, ఆ మైనం పెయింట్‌లో కలుస్తుంది
- ఆర్గానిక్ ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్క్, కళ్లకు రక్షణగా పెట్టుకునే అద్దాలు, నైట్రైల్ గ్లౌజులు
- కడిగి జల్లించిన ఇసుక, సన్నని ఉప్పు

ఎంత పెయింట్ కావాలంటే, గరుకు చేయాల్సిన చోటును టేపు పెట్టి కొలవండి. లీటరు పెయింట్ ఒక పూతకు సుమారు 10 చదరపు మీటర్లు వస్తుంది. రెండు చదరపు మీటర్లకు మూడు పూతలంటే 600 మిల్లీలీటర్లు. ఒక లీటరు డబ్బా కొంటే చాలు.

పెయింట్ రంగు లేత బూడిద గానీ మీగడ రంగు గానీ ఉండాలి. ముదురు రంగైతే మన ఎండకు మోకాలు పెట్టలేం. పూర్తి తెలుపు నీళ్ల మీద కళ్లు చెదరగొడుతుంది.

4. విప్పండి, తట్టి చూడండి

టో స్ట్రాప్ (పాదాలు ఇరికించే పట్టీ), క్లీట్లు (తాడు బిగించేవి), పుల్లీలు, విప్పగలిగినవన్నీ విప్పేయండి. వాటి చుట్టూ బ్రష్‌తో గీసుకుంటూ పోతే రేపు లేవడం మొదలయ్యేది అక్కడి నుంచే. స్క్రూలను ఏ రంధ్రానివి ఆ రంధ్రం పేరు రాసి వేర్వేరు కవర్లలో వేయండి. విప్పే ముందు ఒక ఫొటో తీసుకోండి.

తర్వాత రూపాయి బిళ్ల తీసుకుని డెక్ అంతా అంగుళం అంగుళం తట్టండి. పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి వింటామే, అలా. బాగున్న చోట “టక్ టక్” మని పలుకుతుంది. పొరలు విడిపోయిన చోట, లోపల నీళ్లు పట్టిన చోట “డబ్ డబ్” మని మొద్దుగా వినిపిస్తుంది. అలాంటి చోట పెన్సిల్‌తో గీత గీయండి. కాలు వేస్తే డెక్ లోపలికి దిగుతుంటే ముందు దాన్ని ఎండబెట్టి ఎపాక్సీ ఎక్కించి బాగుచేయించాలి. మెత్తబడిన డెక్ మీద గట్టి పెయింట్ పగిలిపోతుంది.

5. ముందు జిడ్డు, తర్వాతే సాండ్ పేపర్

ఈ గైడ్‌లో ఒక్క అంకమే చదువుతానంటే ఇదే చదవండి.

జిడ్డు, పాలిష్ ఉండగానే సాండ్ పేపర్ పెడితే, ఆ మైనం పోదు. కాగితం గీసిన ప్రతి గీతలోకీ దాన్ని మనమే కూరుతాం. ఆ తర్వాత ఎంత తుడిచినా అది పైకి రాదు. నేను మొదటిసారి ఇదే తప్పు చేశాను. పూత అయితే అద్దంలా కుదిరింది. ఆరు వారాలకు మా అమ్మాయి టాకింగ్‌లో (పడవ ముక్కును గాలి మీదుగా అటు తిప్పడంలో) మడమ తిప్పగానే అరచేయంత పెయింట్ ఉల్లిపొరలా లేచివచ్చింది. దాని వెనకవైపు చూస్తే నున్నగా, జిడ్డుగా మెరుస్తోంది. ఆ ముక్కను ఇప్పటికీ షెడ్డు గోడకు అంటించి ఉంచాను.

వరస ఇది:

- సబ్బు నీళ్లతో డెక్ అంతా తోమండి. గింజల సందుల్లో బ్రష్‌ను నాలుగు దిక్కులా తిప్పండి.
- తుప్పు మరకలుంటే ఆక్సాలిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పూసి, పది నిమిషాలాగి, బాగా కడగండి. గ్లౌజులు తప్పనిసరి.
- చివరిసారి కడగడానికి బోరు నీళ్లు వాడొద్దు. మా జిల్లా బోరు నీళ్లు ఆరితే తెల్ల చారలు మిగులుతాయి. నల్లాలో వచ్చే భగీరథ నీళ్లు గానీ ఫిల్టర్ నీళ్లు గానీ పట్టి ఉంచుకోండి.
- పూర్తిగా ఆరాక థిన్నర్‌తో తుడవండి. దీనికి రెండు గుడ్డలు కావాలి. కుడిచేతి గుడ్డ తడిది, ఎడమచేతిది పొడిది. తడి గుడ్డ కరిగించిన జిడ్డును, థిన్నర్ ఆవిరయ్యేలోపే పొడి గుడ్డ ఎత్తేయాలి. ఒక్క గుడ్డతో తుడిస్తే జిడ్డు ఇక్కడి నుంచి అక్కడికి జరుగుతుందంతే.
- రెండడుగుల చోటుకోసారి గుడ్డ మార్చండి. కిరోసిన్, పెట్రోల్ వద్దు, అవే జిడ్డు మిగులుస్తాయి.

ఇప్పుడు పరీక్ష. గ్లాసెడు శుభ్రమైన నీళ్లు డెక్ మీద పోయండి. తామరాకు మీద నీళ్లలా ముత్యాలుగా విడిపోతే మైనం ఇంకా ఉంది. పల్చటి పొరగా పరుచుకుని అలాగే నిలిస్తే జిడ్డు పోయింది. విడిపోయిన చోట మళ్లీ తుడవండి. రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చేయాల్సి వచ్చినా చేయండి.

ఫిట్టింగుల కింద పాత సిలికాన్ ఉంటే మరీ జాగ్రత్త. అది థిన్నర్‌కు కరగదు. ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకి, ఆ చోటును విడిగా ఒక గుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయండి. అదే గుడ్డ ఇంకో చోట ముట్టుకుంటే సిలికాన్ అక్కడికీ అంటుతుంది.

6. రుద్దడం, పగుళ్లు పూడ్చడం

గింజలు అరిగిపోయిన చోట 80తో మొదలుపెట్టి 120తో ముగించండి. నునుపు అంచుల మీద 220 చాలు. కొంత గరుకు మిగిలి ఉంటే బల్లపరుపు చేయనక్కర్లేదు, కానీ పల్లాల్లో మెరుపు ఉండకూడదు. సాండ్ పేపర్ అక్కడికి దిగదు కాబట్టి స్క్రబ్బర్, ఇత్తడి బ్రష్ వాడండి. లైటు పక్కవాటుగా పట్టి చూస్తే మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవి కనిపించనంత వరకూ రుద్దండి. ఫైబర్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిపి రుద్దండి, మాస్క్ తీయొద్దు.

వెంట్రుకవాసి పగుళ్లను మూడు మూలల స్క్రేపర్‌తో కొద్దిగా వెడల్పు చేసి ఎపాక్సీ పుట్టీతో లప్పం పెట్టండి. ఎపాక్సీ, ఫైబర్ పడవల్లో మామూలుగా ఉండే పాలిస్టర్ రెజిన్ మీద పట్టుకుంటుంది. పాలిస్టర్ మాత్రం ఎపాక్సీ మీద సరిగా పట్టదు. అందుకే ఒకసారి ఎపాక్సీ పెట్టిన చోట దాని మీద పాలిస్టర్ జెల్‌కోట్ (ఫైబర్ మీది రంగు పైపొర) వేయొద్దు.

ఎక్కడైనా పాలిస్టర్ రెజిన్ వాడుతుంటే ఒక హెచ్చరిక. ఫైబర్ దుకాణాల్లో కోబాల్ట్, హార్డెనర్ వేర్వేరు సీసాల్లో ఇస్తారు. ఆ రెండూ నేరుగా ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలవకూడదు, పేలుతుంది. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ వేయాలి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు లేకుండా మూత తీయకండి.

7. టేప్ వేయడం

గరుకు అంచు దాకా వెళ్లకూడదు. ఫిట్టింగుల చుట్టూ, డెక్ అంచుల వెంబడి రెండు సెంటీమీటర్ల నునుపు గట్టు వదలండి. నీళ్లు అక్కడి నుంచి జారిపోతాయి, సీలెంట్ బాగా పడుతుంది, తుడవడం తేలిక.

మూలలు గుండ్రంగా తిప్పండి. పదునైన మూల దగ్గరే పెయింట్ ముందు లేస్తుంది. పెద్ద మూలలకు చేతి గాజు, చిన్న మూలలకు ఐదు రూపాయల బిళ్ల ఆనించి పెన్సిల్‌తో గీసి, టేప్‌ను బ్లేడుతో తేలిగ్గా కోయండి. కత్తి టేప్‌ను కోయాలి, డెక్‌ను కాదు. టేప్ అంచును గోరుతో గట్టిగా నొక్కండి.

8. ప్రైమర్

డబ్బా మీద చెప్పిన కొలత ఘనపరిమాణంలోనా బరువులోనా చూసుకోండి. ఈ రెండూ తారుమారై పూతంతా జిగటగా మిగిలిపోయిన పడవలు చూశాను. కలిపి పది నిమిషాలు ఆగి, పల్చగా రెండు పూతలు వేయండి. డబ్బా మీద రాసిన గడువులోపే పై పూత పడాలి. గడువు దాటితే ప్రైమర్‌ను కూడా 220తో రుద్దాలి. రుద్దే ముందు నీళ్లు, స్క్రబ్బర్‌తో కడగడం మరవొద్దు. ఎపాక్సీ పైన కొన్నిసార్లు మైనం లాంటి జిగట తేలుతుంది.

9. ఇసుకా, ఉప్పా?

నా పడవ మీద రెండూ వాడతాను. పాదం పడే చోట ఇసుక, తొడా మోకాలూ రాసుకునే చోట ఉప్పు. డెక్ అంతా ఒకే గరుకు పెట్టడం ఈ పనిలో అన్నింటికంటే పెద్ద పొరపాటు. మాస్ట్ (తెరచాప స్తంభం) దగ్గర, కాక్‌పిట్ (మనిషి ఉండే గుంట) నేల మీద కాలు నిలవాలి. హైకింగ్ చేసే, అంటే పడవ ఒరగకుండా బయటికి వాలే అంచు మీద మనిషి కూర్చుని రోజంతా ముందుకూ వెనక్కూ జరుగుతాడు. అక్కడ ఇసుక వేస్తే ఒక్క రేసుకే ప్యాంటు చిరుగుతుంది, పిల్లల తొడలు కందిపోతాయి.

ఇసుక తయారీ: వాటర్ ఫిల్టర్లలో వాడే సిలికా ఇసుక తెచ్చుకోండి. వాగు ఇసుకైతే నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి ఎండబెట్టండి. పిండి జల్లెడలో దిగింది తీసుకోండి. దాన్నే పల్చటి మల్లు గుడ్డలో ఊపితే కిందికి దిగే పొడిని పారేయండి. గుడ్డలో మిగిలిందే మనకు కావాల్సింది. రోబో శాండ్ వద్దు. దాని ముక్కలు మరీ పదునుగా ఉంటాయి, దుమ్ము కూడా ఎక్కువ. ముగ్గుపిండి కలపమని కొందరు చెబుతారు. అది మెత్తని రాయి, ఒక్క సీజన్‌కే అరుగుతుంది.

ఉప్పు ఎలా పనిచేస్తుందంటే, తడి పెయింట్ మీద సన్నని ఉప్పు చల్లి, గట్టిపడ్డాక కడిగేస్తే ఉప్పు కరిగి, గింజ ఉన్న చోట చిన్న గుంట మిగులుతుంది. చేతికి మెత్తగా ఉంటుంది, తడిలో పట్టు ఉంటుంది, బరువు అసలు పెరగదు. ఉప్పును ముందు బాణలిలో వేయించి చల్లార్చండి. తేమ ఉంటే ఉండలు కట్టి డెక్ మీద మచ్చలు మచ్చలుగా పడుతుంది.

రెంటినీ చల్లడానికి నేను వాడేది ఖాళీ పౌడర్ డబ్బా. చేత్తో చల్లితే ఒకచోట కుప్ప, ఒకచోట ఖాళీ.

ఇంత చెప్పినా, ముందు ఒక ప్లైవుడ్ ముక్క మీద రెండూ చేసి చూడండి. ఆ ముక్కను ఏటవాలుగా పెట్టి, నీళ్లు పోసి, వట్టి కాలితో ఒకసారి, సెయిలింగ్ బూట్లతో ఒకసారి నిలబడండి. మోచేయి కూడా రాసి చూడండి.

10. పెయింట్ రోజు

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు రోలర్, ఒకరు డబ్బా.

- పొద్దున్నే షెడ్డు చుట్టూ సాన్పి చల్లినట్టు నీళ్లు చల్లండి. మన ఎర్రమట్టి దుమ్ము తడి పెయింట్ మీద పడితే తీయలేం.
- పది గంటలకు డెక్ మీద అరచేయి ఐదు సెకన్లు ఆనించండి. కాలితే ఆగండి, చెమ్మగా అనిపిస్తే ఆగండి.
- చివరిసారి రెండు గుడ్డల తుడుపు.
- మొదటి పూత పల్చగా వేయండి, అందులో ఏమీ చల్లొద్దు. డబ్బా మీద చెప్పినంత ఆరనివ్వండి. రెండో పూతలోనే చల్లాలి. ఉప్పు గుంటల అడుగున ప్రైమర్ కనబడకుండా ఉండాలంటే ఈ అడుగు పూత అవసరం.
- రెండో పూతను రెండడుగుల చోటు చొప్పున వేయండి. రోలర్ తీసిన నిమిషంలోపే అడుగు ఎత్తు నుంచి చల్లాలి. తడి మెరుపు కనపడనంతగా కప్పేయండి. ఎక్కువైందని భయపడొద్దు, పట్టుకోని ఇసుక రాలిపోతుంది. తక్కువైతే మాత్రం మచ్చ పడుతుంది.
- పెయింట్ ఇంకా మెత్తగా ఉండగానే టేప్‌ను వెనక్కి మడిచి, నెమ్మదిగా లాగేయండి.

పాలీయురేథేన్‌ను స్ప్రే చేయకండి. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే తుంపర ఊపిరిలోకి పోతే ఆస్తమా తెచ్చిపెట్టొచ్చు. రోలర్ వాడినా మాస్క్ ఉండాలి.

మర్నాడు ఇసుక ఉన్న చోట మెత్తని బ్రష్‌తో వదులు ఇసుక ఊడ్చేయండి. ఊడ్చింది తూచి, మొదట తీసుకున్న దాంట్లోంచి తీసేస్తే ఎంత బరువు ఎక్కిందో తెలుస్తుంది. ఉప్పు చోటును 24 గంటల తర్వాత గోరువెచ్చని నీళ్లతో కడగండి. నాలుక చివర పెట్టి చూస్తే ఉప్పగా ఉండకూడదు.

ఇసుక మీద మాత్రం మూడో పూత పడాలి. టేప్‌ను పాత గీతకు మిల్లీమీటరు బయటికి వేయండి. అలా వేస్తే పై పూత ఇసుక అంచును కప్పి మూసేస్తుంది. ఒక పూత వేస్తే గరుకు గట్టిగా ఉంటుంది, రెండు వేస్తే మెత్తబడుతుంది. ఉప్పు చోట ఇంకే పూతా వద్దు, గుంటలు పూడిపోతాయి.

11. పాడైతే ఏం చేయాలి

పెయింట్ వేస్తుండగానే గుండ్రని చిన్న గుంటలు విచ్చుకుంటే కింద సిలికాన్ గానీ జిడ్డు గానీ ఉంది. మీద మీద పూయొద్దు. తడిగా ఉండగానే థిన్నర్‌తో తుడిచేసి అయిదో అంకానికి వెళ్లండి.

పైపొర పాలిపోయి, మెరుపు తగ్గితే మంచు పడింది. గట్టిపడ్డాక తేలిగ్గా రుద్ది, ఇంకో పూత త్వరగా ముగిసేలా వేయండి.

వారమైనా గోరు దిగుతుంటే హార్డెనర్ కొలత తప్పింది. ఎదురుచూసి లాభం లేదు, గీకేయాల్సిందే.

గరుకు మరీ ఎక్కువైతే 120 కాగితాన్ని చెక్కకు చుట్టి, బరువు వేయకుండా రెండు మూడుసార్లు లాగండి. మొనలు విరుగుతాయి. ఆపైన ఒక పల్చటి పూత.

ఇసుక మచ్చలు మచ్చలుగా పడితే ఖాళీల్లో దిద్దకండి, అతుకు కనబడుతుంది, కాలికీ తెలుస్తుంది. ఆ గడినంతా, అంటే టేప్ గీతల మధ్య ఉన్న ఆ చోటంతా, మళ్లీ టేప్ వేసి చేయండి. గడులుగా విడగొట్టి చేయడంలో లాభం ఇదే.

12. మళ్లీ బిగించడం

మూడు రోజులు కాలు పెట్టొద్దు, వారం దాకా నీళ్లలో దించొద్దు. ఫిట్టింగుల కింద పాలీయురేథేన్ సీలెంట్ వేయండి, సిలికాన్ వద్దు. స్క్రూలను ముందు చేతికి బిగుసుకునేంత వరకే తిప్పి, సీలెంట్ అంచులకు ఉబికి వచ్చాక ఆపి, మర్నాడు పావు తిప్పు బిగించండి. ఒకేసారి గట్టిగా బిగిస్తే సీలెంట్ అంతా బయటికి వచ్చేసి రంధ్రం ఎండిపోతుంది. నీళ్లు దిగేది అక్కడి నుంచే.

- టో స్ట్రాప్ బోల్టుల కింద వాషర్లు వేశారా?
- డెక్ మీద వదులు ఇసుక లేదు కదా? ఒక్క గింజ పుల్లీలోకి పోయినా తాడును కోస్తుంది.
- మిగిలిన పెయింట్, అదే ఇసుక చిన్న సీసాల్లో తేదీ రాసి పెట్టారా?

మొదటిసారి నీళ్లలోకి తీసుకెళ్లేది గాలి తక్కువగా ఉన్న రోజు చూసుకోండి. డెక్ మీద రెండు మగ్గుల నీళ్లు పోసుకుని పది టాక్‌లు, పది జైబ్‌లు (పడవ వెనకభాగాన్ని గాలి మీదుగా తిప్పడం) చేయండి. ఒడ్డుకు వచ్చాక పడవ నడిపిన వాళ్ల మడమలు, మోకాళ్లు, ప్యాంటు వెనకభాగం చూడండి. ఎక్కడ ఎర్రబడిందో అక్కడ 120 కాగితం ఒక్క లాగు. ఇక డెక్‌కు ఏ రకం పాలిష్ పట్టించినా ఈ గరుకు గడుల మీద మాత్రం పడనివ్వకండి.